వస్తానన్న మాట

సొరంగంలో తీగ వేస్తే వారం కూడా నిలిచేది కాదు. రాయి పేల్చినప్పుడల్లా తెగేది, ట్రాలీ చక్రాల కింద నలిగేది. అందుకని మా కంపెనీ తీగ అక్కర్లేని పెట్టెలు చేసింది. అరచేయంత పెట్టె, ఛాతీ మీద బెల్టుకు తగిలించుకోవాలి. నొక్కి పట్టుకుని పది సెకన్లు మాట్లాడితే ఆ మాట పక్కవాడి పెట్టెకు వెళ్తుంది, అక్కడినుంచి ఆ పక్కవాడికి, అలా చేతులు మారుతూ చివరికి సొరంగం బయట ఆఫీసులో కూర్చున్న నా దగ్గరికి వస్తుంది. మధ్యలో స్తంభాలు లేవు. మనుషులే స్తంభాలు.

మొదటిరోజు ఈ సంగతి పనివాళ్ళకు చెప్పడానికి బోర్డు మీద గీతలు గీస్తూ అరగంట అవస్థ పడ్డాను. వెనక వరసలోంచి నాన్న లేచి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "తట్టలు అందించుకోవడమేనర్రా. వరసలో ఒకడు పక్కకి తప్పుకుంటే తట్ట నేల పాలు."

నాన్న ఇరవై ఆరేళ్ళుగా సొరంగాల్లో పంపులు చూసే మనిషి. మా ఇంటి మొత్తం మీద డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు. ఆయన పనిచేసే చోటికే నన్నూ పంపించారు. ఆయన స్నేహితులందరూ నాకు బాబాయిలూ మామయ్యలే కాబట్టి 'ఇంజినీరమ్మ' అని పిలవడానికి వాళ్ళకు నోరు రాలేదు. 'సిగ్నలు పిల్ల' అని పేరు పెట్టారు.

నాన్న చెప్పిన తట్టల పోలిక నిజమే కానీ అందులోనే చిక్కు కూడా ఉంది. స్తంభం నడవదు, మనిషి నడుస్తాడు. సొరంగంలో రెండు మలుపులున్నాయి. రాయి అడ్డం వస్తే మాట అందదు. ఒకడు మలుపు దాటాడంటే అప్పటిదాకా ఉన్న దారి తెగిపోతుంది. తెగిందని తెలియక వెనకవాడి పెట్టె మాట్లాడుతూనే ఉంటుంది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. తెలిశాక ఇంకో గోల. దారి ఎవరికి తెలుసని పెట్టెలన్నీ ఒకేసారి అరుస్తాయి. అసలు మాట ఆ అరుపుల్లో మునిగిపోతుంది.

దీనికి మందుగా పెట్టెకు మూడు బొత్తాలు పెట్టింది నేనే. ఒకటి 'ఉన్నాను'. రెండు 'వెళ్తున్నాను'. అది నొక్కితే పక్క పెట్టెలు ఆ మనిషిని నమ్ముకోవడం మానేసి ముందుగానే వేరే దారి చూసుకుంటాయి. మూడు 'వస్తున్నాను'. అది నొక్కితే అతను కాసేపట్లో మళ్ళీ అందుతాడని, అతని చేతికి ఇవ్వాల్సిన మాటల్ని దాచి ఉంచుతాయి. పరీక్షల్లో మూడూ చక్కగా పనిచేశాయి. ప్రతిసారీ నేను పక్కనే నడుస్తూ "ఇప్పుడు రెండోది నొక్కండి బాబాయ్" అని చెప్పడం వల్లే పనిచేశాయని అప్పుడు నాకు తోచలేదు.

ఆరోజు పదకొండు గంటలకు సైరన్ మోగింది. సొరంగం చివర రాయి తొలుస్తుంటే పక్క గోడ పగిలి నీళ్ళు పడ్డాయి. అక్కడ ఉన్నది ముగ్గురు. అందులో ఒకడు మా పెదనాన్న కొడుకు. నాకు అన్నయ్య. వాణ్ణి ఈ పనిలో పెట్టించింది నాన్నే. వాళ్ళకీ బయటికీ మధ్య నేల కిందికి దిగి మళ్ళీ ఎక్కుతుంది. ఆ చోటును పల్లం అంటారు. నీళ్ళన్నీ పల్లంలోకి చేరి దారి మూసేశాయి.

పల్లం మధ్యలో దిమ్మె మీద పెద్ద పంపు ఉంది. అది నడిస్తే నీళ్ళు తగ్గుతాయి. కానీ దాని కేబులు అతుకులు అప్పటికే నీళ్ళలో మునిగాయి. నీళ్ళలో ఎవరున్నా సరే, కరెంటు ఇస్తే మనిషి మిగలడు. అందుకే సైరన్‌తో పాటు కరెంటు పోతుంది. లోపలివాళ్ళు చెక్క మంచె ఎక్కి "ఎక్కాం" అని చెప్పాకే మళ్ళీ ఇవ్వాలి. ఆలస్యమైతే అదీ కుదరదు. గోడ మీద తెల్లరంగుతో అడుగుల గీతలున్నాయి. నీళ్ళు ఆరో గీత తాకితే పంపు మోటారే మునుగుతుంది. ఇక ఆ ముగ్గురిని బయటికి తెచ్చే దారి ఉండదు.

నాన్న పల్లానికి ఇవతల, రెండో మలుపు దగ్గర ఉన్నాడు. ఆయనది పదిహేడో నంబరు పెట్టె. పదకొండూ రెండు నిమిషాలకు ఆయన గొంతు వచ్చింది. "మూడడుగులు." ఏడుకు, "మూడున్నర." పన్నెండుకు, "నాలుగు. వాళ్ళు మంచె దగ్గరికి వస్తున్నారు." ఐదు నిమిషాలకు అరడుగు. కాగితం మీద లెక్క వేశాను. పదకొండూ ముప్ఫై రెండుకు ఆరు.

ఆ తర్వాత నాన్న మాట ఆగిపోయింది.

పదిహేనుకు రాలేదు, పదిహేడుకు రాలేదు. తెర మీద చూస్తే అంతా పచ్చగానే ఉంది. అన్నయ్య ముప్ఫై ఒకటి, నాన్న పదిహేడు, రెండు మలుపుల మధ్య గోడలో తొలిచిన గూడు దగ్గర ఇరవై రెండు, బయటికొచ్చేవాళ్ళకు దారి చూపడానికి మొదటి మలుపులోనే ఉండిపోయే మనిషిది తొమ్మిది. ఇరవై రెండు పక్కన 'వస్తున్నాను' అని రాసి ఉంది. అది పొడుగు బాబాయ్ పెట్టె. తలుపు దగ్గర తల వంచకుండా ఏ గదిలోకీ రాలేని మనిషి.

తల ఎత్తి చూస్తే ఆ మనిషి నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

సైరన్ మోగితే ఇక్కడి పద్ధతి ఒకటే. ఎక్కడివాళ్ళు అక్కడ పని వదిలి బయటికి నడవాలి, పెట్టె కట్టేసి ఆఫీసు గోడకున్న రాకు అరల్లో పెట్టాలి, తమ ఇత్తడి బిళ్ళను బోర్డుకు తగిలించాలి. ఎన్ని బిళ్ళలు తగలకుండా మిగిలితే అంతమంది లోపల ఉన్నట్టు. పొడుగు బాబాయ్ కూడా ట్రాలీ మీద వచ్చి అలాగే చేశాడు. ఆయన తప్పేమీ లేదు. కానీ గూడు దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. నా తెర మాత్రం ఇంకా ఉన్నాడనే చెబుతోంది.

షిఫ్టు మేస్త్రీ గారు అప్పటికే రాకులోంచి ఖాళీగా ఉన్న నలభయ్యో పెట్టె తగిలించుకుని ట్రాలీ ఎక్కారు. గూడు దగ్గర నిలబడితే చాలు, నాన్న మాట ఆయన మీదుగా నాకు అందుతుందని చెప్పాను. అంత నమ్మకంగా చెప్పాను.

పదకొండూ ఇరవైకి మేస్త్రీ గారి గొంతు వచ్చింది. "గూడు దగ్గరున్నా. ఇక్కడ పిట్ట కూడా లేదు. మీ నాన్న మాట వచ్చిందా?"

రాలేదు. అటు నుంచి ఒక్క ముక్క కూడా రాలేదు.

ఆఫీసులో ఉన్నది మేం నలుగురం. నేను, పొడుగు బాబాయ్, కరెంటు హ్యాండిల్ పక్కనే నిలబడ్డ ఎలక్ట్రీషియన్, బిళ్ళల బోర్డు చూసే తాత. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. పెట్టె తడిసి పాడైపోయి ఉంటుందని ఎలక్ట్రీషియన్ అన్నాడు. పెట్టె సంగతి కాదు అతను చెప్పదలుచుకున్నదని నాకు తెలుసు. మలుపు దగ్గర నీళ్ళు ఉన్నట్టుండి పొంగి ఉంటే నాన్న కూడా అన్నయ్య వైపు లెక్కలోకి వెళ్ళిపోయినట్టే.

మేస్త్రీ గారు మళ్ళీ మాట్లాడారు. ముందుకు వెళ్ళి స్వయంగా చూసొస్తానన్నారు. వద్దన్నాను. అక్కడినుంచి కదిలితే ఆయన మాట కూడా నాకు అందదు, వెళ్ళి రావడానికి పది నిమిషాలు పైనే పడుతుంది, అంత సమయం లేదు. "పాతికేళ్ళ సర్వీసులో నన్ను నిలబడి ఉండమన్నది నువ్వేనమ్మా," అన్నారు. కదల్లేదు మాత్రం.

బోర్డు తాత నీళ్ళ వైపున్నవాళ్ళ బిళ్ళల నంబర్లు ఒక చీటీ మీద రాసుకున్నాడు. నాలుగు నంబర్లు. పైఆఫీసులో చెప్పాలి కదా అని, కర్ర అందుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు. "వస్తానమ్మా," అన్నాడు.

తలుపు మూసుకుంది. తాత వెళ్ళిపోయాడు.

నేను ఆ తలుపు వైపే చూస్తూ ఉండిపోయాను. వస్తానన్నాడు, వెళ్ళిపోయాడు.

ఇరవై నాలుగేళ్ళుగా మా ఇంట్లో రోజూ వింటున్న మాట అది. నాన్న షిఫ్టుకు గడప దాటుతూ ఒక్కనాడైనా వెళ్తున్నానని అనలేదు. చిన్నప్పుడు బడికి 'పోతున్నా' అన్నానని వెనక్కి పిలిచి, 'వస్తా' అనిపించి పంపాడు. అదంతా ఇంట్లో వదిలేసి, పుస్తకం ముందేసుకుని బొత్తాల మీద అక్షరాలు రాశాను నేను.

"బాబాయ్, గూడు దగ్గర్నుంచి బయల్దేరేటప్పుడు ఏది నొక్కావు?"

"మూడోది."

"రెండోది కదా నొక్కాలి? వెళ్తున్నాను అని?"

పొడుగు బాబాయ్ నన్ను చూసిన చూపు నేను మరిచిపోను. పెద్దవాళ్ళ ముందు అనకూడని మాటేదో అన్నట్టు చూశాడు. "లోపల మనవాళ్ళుంటే వెళ్తున్నానని ఎలా అంటాం తల్లీ? సొరంగంలో ఆ మాట ఎవడంటాడు?"

ఎలక్ట్రీషియన్ తల వంచుకుని, ఆ రెండో బొత్తాం తానూ ఎప్పుడూ ముట్టుకోలేదన్నాడు.

అంటే నాన్న పెట్టె పాడవలేదు. పొడుగు బాబాయ్ వస్తానన్నాడని, ఆయన కోసం కాచుకుని ఉంది. అన్నయ్య చెప్పింది, నాన్న చెప్పింది, అన్నీ ఇరవై రెండు చేతిలోనే పెట్టాలని పట్టుకుని కూర్చుంది. మేస్త్రీ గారు కళ్ళెదుటికి వచ్చి నిలబడినా ఆయన దానికి నలభై. పరాయివాడు.

పొడుగు బాబాయ్ అప్పటికే రాకు వైపు తిరిగాడు, తన పెట్టె తీసుకుని పరిగెత్తడానికి. ఎంత పొడుగు కాళ్ళైనా ఏడెనిమిది నిమిషాలు. అప్పుడు టైము పదకొండూ ఇరవై రెండు.

"వద్దు బాబాయ్, నీ నంబరు ఇస్తే చాలు," అన్నాను.

మేస్త్రీ గారి పెట్టెకు నా బల్ల మీద నుంచే నంబరు మార్చవచ్చు. మారాక అది ఆరిపోయి మళ్ళీ వెలగాలి. "మేస్త్రీ గారూ, ఇక మీరు ఇరవై రెండు. పెట్టె ఆరుతుంది, భయపడకండి, అడుగు కూడా కదలకండి," అని చెప్పి మీట నొక్కాను. తెర మీద నలభై మాయమైంది. నిమిషం పాటు మొదటి మలుపు అవతల నాకు అందే మనిషి ఒక్కడూ లేడు.

ఇరవై రెండు వెలిగింది. ఆ వెంటనే ఆఫీసంతా నాన్న గొంతు. ఒకదాని వెనక ఒకటి, గట్టు తెగినట్టు.

"పదకొండూ పదిహేను. ముగ్గురూ మంచె ఎక్కారు. కరెంటు ఇవ్వమంటున్నారు." "నాలుగున్నర." "విన్నారా? ఎక్కారంటున్నా." "అమ్మాయ్, వినపడుతోందా?" "ఐదు."

పొడుగు బాబాయ్ గోడకు చేరగిలబడిపోయాడు. ఎలక్ట్రీషియన్ చెయ్యి హ్యాండిల్ మీద పడింది.

"ఆగండి," అన్నాను.

"ఎక్కారన్నాడు కదా! ఐదు దాటింది, ఇంకా ఆగేదేమిటి?"

"ఎక్కారన్నది పదిహేనుకి. ఇప్పుడు ఇరవై నాలుగు."

ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే ఉంటారా? తెర మీద ఇరవై రెండు కూడా పచ్చగానే ఉంది కదా, మనిషేమో నా ఎదురుగా. మనుషులు కదులుతారు. కదిలాక పాతమాట పచ్చి అబద్ధం అవుతుంది. ఇదంతా నేను అతనికి చెప్పలేదు, చెప్పే తీరిక లేదు. పెట్టె నొక్కి నాన్నను అడిగాను. ముగ్గురూ ఇప్పుడు, ఈ నిమిషాన, ఎక్కడున్నారు?

జవాబుకు నలభై సెకన్లు పట్టింది. "మంచిదైంది అడిగావు. ఎంతకీ కరెంటు రాలేదని ఒకడు కేబులు చూడ్డానికి దిగాడు. ఆగు, ఎక్కిస్తున్నా."

ఎలక్ట్రీషియన్ హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీసేసి ఆ చేతిని చొక్కాకు తుడుచుకున్నాడు. ఇరవై ఏడుకు అన్నయ్య సొంత గొంతే వచ్చింది, పళ్ళు కటకటలాడుతూ. "ఎక్కాం చెల్లెమ్మా. ముగ్గురం. కాళ్ళు కూడా పైకి లాక్కున్నాం. ఇచ్చేయండి."

ఎలక్ట్రీషియన్ మళ్ళీ నా వైపు చూశాడు. ఇక ఇవ్వచ్చు కదా అన్నట్టు. నేను కూడా ఊఁ అనబోయాను. అన్నయ్య మాట వెనక నీళ్ళ హోరు ఉంది, అది దూరంగా ఉంది. అంతకుముందు నాన్న మాట వెనక వినిపించింది వేరు. తపతపమని, నోటి పక్కనే.

మలుపు దగ్గర నేల పల్లం కన్నా రెండున్నర అడుగుల ఎత్తు. గోడ మీద ఇప్పుడు ఐదున్నర. తీసివేత చేయడానికి డిగ్రీ అక్కర్లేదు.

"నాన్నా, నువ్వెక్కడ నిలబడ్డావు?"

ఈసారి జవాబు రావడానికి నిమిషం దగ్గర దగ్గర పట్టింది. దారి బాగానే ఉంది. మాట్లాడనిది ఆయనే.

"నీళ్ళలోనే. నడుం దాకా. వెనక్కి వస్తే మలుపు అడ్డం వచ్చి వాళ్ళ మాట అందదు. నా సంగతి పట్టించుకోకు. ఇచ్చేముందు చెప్పు, పైపు ఎక్కుతా."

ఇనప పైపు. నీళ్ళలోని కరెంటు దాంట్లోకీ పాకుతుంది. ఇరవై ఆరేళ్ళు పంపులు చూసిన మనిషికి అది తెలియక కాదు. ఆయన తట్టల వరసలో ఉన్నాడు, తప్పుకుంటే తట్ట కింద పడుతుంది. ఆయన చెప్పిన పోలికే ఆయన్ని అక్కడ కట్టేసింది.

ఆయన అక్కడ ఉంటే కరెంటు ఇవ్వకూడదు. ఆయన బయటికి వస్తే అన్నయ్యవాళ్ళు మంచె మీదే ఉన్నారో లేదో చెప్పేవాడు ఉండడు. పెట్టెలతో తేలే విషయం కాదిది. నొక్కి, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను. "నాన్నా, అన్నయ్యకు చెప్పు. పంపు చప్పుడు వినపడి, నీళ్ళు రెండో గీతకు దిగేదాకా ఎవరూ కాలు కింద పెట్టకూడదు. నా మీద ఒట్టు వెయ్యమను. వేశాక నువ్వు పొడి నేల మీదకు రా. నువ్వు వచ్చేదాకా కరెంటు లేదు."

అన్నయ్య ఒట్టు వేశాడని నాన్న చెప్పాడు. తర్వాత నాన్న అన్న మాట, "వస్తున్నా."

తెర మీద ముప్ఫై ఒకటి ఆరిపోయింది. నాన్న మలుపు తిరిగాడన్నమాట. ఇరవై తొమ్మిది. ముప్ఫై. ఎలక్ట్రీషియన్ గడియారం చూస్తూ, వస్తున్నానన్నాడు కదమ్మా అన్నాడు. తల అడ్డంగా ఊపాను. ఆ మాట నాకు ఇక చాలదు. "వచ్చేశానని చెప్పు నాన్నా," అని పెట్టెలో అన్నాను. "వస్తున్నానని కాదు."

ముప్ఫై ఒకటి కాబోతుండగా వచ్చింది. రొప్పుతూ, కొంచెం విసుగ్గా. "వచ్చేశానమ్మా. పొడి నేల. బూట్లలో నీళ్ళు తప్ప ఇంకేం లేవు."

"ఇవ్వండి," అన్నాను.

హ్యాండిల్ పైకి వెళ్ళిన చప్పుడు విన్నాను. తర్వాత ఏమీ లేదు. తర్వాత నాన్న ఏమీ మాట్లాడకుండా పెట్టె నొక్కి పట్టుకున్నాడు. అందులో పది సెకన్ల పాటు పంపు చప్పుడు.

మధ్యాహ్నం రెండు దాటాక ముగ్గురూ నడిచి బయటికి వచ్చారు. అన్నయ్య బిళ్ళ తగిలించబోతే వేళ్ళు పట్టు తప్పి రెండుసార్లు కింద పడింది, బోర్డు తాత తీసి తగిలించాడు. పొడుగు బాబాయ్ నా బల్ల దగ్గరికి వచ్చి, తన నంబరు మేస్త్రీ లాగేసుకున్నాడు కదా, ఇప్పుడు తనకేం పేరు పెడతావని అడిగాడు. నవ్వించడానికే అన్నాడు. నవ్వబోయి ఏడ్చాను.

ఇంటికి వెళ్తూ దారిలో నాన్న, నీళ్ళలో నిలబడిన సంగతి మీ అమ్మకు చెప్పకన్నాడు. మేం గడప ఎక్కేసరికి వేడినీళ్ళు కాగుతున్నాయి, పొడి పంచె మంచం మీద ఉంది. ఎవరు చెప్పారో, ఏ దారిన వచ్చిందో, నడుం దాకా అన్న కొలతతో సహా అమ్మకు తెలుసు. ఆ రోజంతా ఆమె ఆయనతో మాట్లాడలేదు.

కంపెనీకి నేను రాసిన రిపోర్టులో పనివాళ్ళ పొరపాటు అనే మాట లేదు. బొత్తాల మీద అక్షరాలు తప్పు, రాసింది నేను అని రాశాను. అక్షరాలు మార్చడం మరమ్మతు కిందికి ఎలా వస్తుందని పైనుంచి అడిగారు. రెండు పేజీల జవాబు రాశాను. ఒప్పుకున్నారు.

తొమ్మిదో రోజు కొత్త పెట్టెలు పంచాం. నాన్న తన పెట్టెను వెలుతురు వైపు తిప్పి, ఎప్పటిలాగే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. మూడో బొత్తాం, 'వచ్చేశాను'. రెండోది, 'వెళ్ళొస్తాను'.

"ఆఁ, ఇదైతే నొక్కచ్చు," అన్నాడు.

నా ఎదురుగానే నొక్కి, బెల్టు సర్దుకుని, సొరంగం లోపలికి నడిచాడు. తెర మీద పదిహేడు చుట్టూ ఉన్న గీతలన్నీ ఒక్కొక్కటే ఆయన్ని వదిలి వేరే దారి చూసుకున్నాయి. నేను మాత్రం మూడో బొత్తాం వెలిగేదాకా ఆ నంబరు మీద నుంచి చూపు తిప్పలేదు.